పెరిగే మెడకి పెరగని బెల్టు

కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్న రోజు అందరూ చేసే మొదటి పని పేరు పెట్టడం. రెండో పని బెల్టు కొనడం. పేరు జీవితాంతం సరిపోతుంది. బెల్టు నెల రోజులు కూడా సరిపోదు. ఈ వ్యాసం మొత్తం ఆ రెండో విషయం గురించే.

తెలుగు క్లబ్ పత్రికలో కుక్క బెల్టుల గోల ఏంటి అనుకునేవాళ్లకి ఒక మాట. మనలో చాలామంది ఇళ్లల్లో ఈ మధ్య కుక్కపిల్లలు చేరాయి. వీధిలోంచి తెచ్చుకున్న ఇండీలు కొన్ని, డబ్బు పెట్టి కొన్న లాబ్రడార్లు, పగ్‌లు కొన్ని. వాటికి ఏం తినిపించాలో, ఏ టీకా ఎప్పుడు వేయించాలో డాక్టర్ చెప్తారు. మెడకి ఏం కట్టాలో మాత్రం షాపులో నిర్ణయమైపోతుంది. అక్కడ ఉండేవి మూడే మాటలు: స్మాల్, మీడియం, లార్జ్. మనం రంగు చూసి కొనేసి వస్తాం.

తెనాలిలో మా ఇంట్లో బజ్జీ అని ఒక ఇండీ పిల్ల ఉంది. నేను హాస్టల్లో ఉంటాను కాబట్టి మా తమ్ముడు ప్రతి ఆదివారం దాని కొలతలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. తొమ్మిది వారాలప్పుడు దాని మెడ 22 సెంటీమీటర్లు, ఛాతీ 33 సెంటీమీటర్లు, బరువు 3 కిలోలు. పదిహేడు వారాలకి మెడ 29, ఛాతీ 46, బరువు 8 కిలోలు. అంటే రెండు నెలలు కూడా తిరగకముందే ఛాతీ చుట్టుకొలత 13 సెంటీమీటర్లు పెరిగింది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులైతే ఇంకా వేగం. రెండు నెలలప్పుడు ఐదు కిలోలు ఉన్నది ఆరు నెలలకి ఇరవై కిలోల దగ్గరికి వచ్చేస్తుంది.

మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే కుక్కపిల్ల మెడ కాన్‌స్టంట్ కాదు, వేరియబుల్. దాన్ని షాపులో ఒక్కసారి హార్డ్‌కోడ్ చేసి వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు క్రాష్ అవుతుంది. కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది ప్రోగ్రామ్ కాదు.

ముందు పేర్లు తేల్చుకుందాం

షాపులో బెల్టు అంటే మెడకి కట్టేది, అంటే కాలర్. బాడీ బెల్టు అంటే ఛాతీ చుట్టూ, భుజాల మధ్యలోంచి వచ్చేది, అంటే హార్నెస్. చైన్ అంటే కొందరికి ఇనప గొలుసు, కొందరికి నైలాన్ తాడు కూడా చైనే. మన చేతికీ కుక్కకీ మధ్య ఉండే తాడుని ఇక్కడ లీష్ అంటాను, గందరగోళం ఉండదు.

ఈ మూడింటి పనులు వేరు వేరు. కాలర్ పని అడ్రస్ మోయడం. హార్నెస్ పని లాగుడు బలాన్ని ఒంటి మీద పంచడం. లీష్ పని కుక్కపిల్లని రోడ్డు మీదకి పోకుండా చూడడం. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే సమస్యలు మొదలవుతాయి. ముఖ్యంగా కాలర్‌తో.

మెడలో ఏముందో చూస్తే

కుక్క శ్వాసనాళం C ఆకారంలో ఉండే మృదులాస్థి రింగుల వరస. మృదులాస్థి అంటే మన చెవి కొస ముట్టుకుంటే తెలిసే మెత్తటి ఎముక లాంటి పదార్థం. చిన్న పిల్లల్లో అది మరీ మెత్తగా ఉంటుంది. దాని పక్కనే తలకి రక్తం తీసుకెళ్లే, తీసుకొచ్చే నాళాలు, థైరాయిడ్ గ్రంథి, వెనకాల వెన్నుపూసలు. ఇవన్నీ ఉన్న చోటే మనం బెల్టు కడతాం, ఆ బెల్టుకే తాడు కట్టి లాగుతాం.

పొమేరియన్, చువావా లాంటి బొమ్మ జాతుల్లో శ్వాసనాళం రింగులు బలహీనపడి నలిగిపోయే జబ్బు ఎక్కువ. లాగినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాయి. పగ్‌లకి ముక్కు పొట్టి కావడం వల్ల ఊపిరి ముందే ఇబ్బంది. ఇలాంటి వాటికి మెడ మీద లాగుడు అస్సలు పనికిరాదు.

మిగతా జాతుల సంగతి? 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కుక్కలు లాగుతున్నప్పుడు వాటి కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. కాలర్‌కి తాడు కట్టినప్పుడు ఆ ఒత్తిడి పెరిగింది. హార్నెస్‌కి కట్టినప్పుడు చెప్పుకోదగ్గంత పెరగలేదు. 2020లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్లు కుక్క మెడ లాంటి ఒక మోడల్ తయారు చేసి, రకరకాల కాలర్లు తొడిగి లాగి చూశారు. లాగినప్పుడు మెడకి ఏ ప్రమాదమూ లేదు అని చెప్పగలిగే కాలర్ వాళ్లకి ఒక్కటీ దొరకలేదు. మెత్తటి లైనింగ్ ఉన్నవి కూడా అందులో ఉన్నాయి.

అలాగని కాలర్ మానేయమని కాదు. తేలికపాటి, చదునైన కాలర్ ఒకటి ఉండాలి. దాని మీద ఫోన్ నంబర్ ఉండాలి. వేలాడే బిళ్ల చిన్న పిల్లకి బరువు అనిపిస్తే పర్మనెంట్ మార్కర్‌తో పట్టీ మీదే రాసేయొచ్చు. రెండు నంబర్లు రాయండి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లది. లీష్ మాత్రం దానికి తగిలించకండి.

వెడల్పు విషయంలో ఇంటర్ ఫిజిక్స్ చాలు. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. అదే లాగుడు ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ మీద పడితే వచ్చే ఒత్తిడి, రెండున్నర సెంటీమీటర్ల పట్టీ మీద పడినప్పటికంటే రెండున్నర రెట్లు ఎక్కువ. గుండ్రటి సన్నని తాడైతే ఇంకా ఘోరం. కానీ రెండు నెలల పిల్లకి మరీ వెడల్పు పట్టీ కడితే అది మెడ వంచలేదు. అందుకే 3 కిలోల పిల్లకి ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు, పది కిలోలు దాటాక రెండు సెంటీమీటర్ల పైన అనుకోండి.

మంచి హార్నెస్‌ని గుర్తుపట్టడం

హార్నెస్ ముందు వైపు నుంచి చూస్తే రెండు ఆకారాలు కనిపిస్తాయి. ఒకటి Y. రెండు పట్టీలు మెడ మొదట్లోంచి దిగి రొమ్ము ఎముక మీద కలిసి, ఒకటే పట్టీగా కాళ్ల మధ్యలోంచి వెనక్కి పోతాయి. ఇంకోటి అడ్డపట్టీ రకం. ఛాతీకి అడ్డంగా సీట్ బెల్టులా ఒక పట్టీ వెళ్తుంది. ఈ రెండో రకం వేయడం తేలిక, అందుకే చాలామంది ఇష్టపడతారు. కానీ ఆ పట్టీ కాస్త పైకి జరిగితే గొంతు మీద పడుతుంది, కిందకి జరిగితే భుజం కీలుకి అడ్డం వస్తుంది. పైగా కుక్కపిల్ల వెనక్కి నడిస్తే దాంట్లోంచి సులువుగా జారిపోతుంది. కాబట్టి Y రకమే తీసుకోండి.

అయితే Y అని రాసి ఉంటే చాలదు. 2019లో కొన్ని కుక్కల నడకని కొలిచి చూసినప్పుడు రెండు రకాల హార్నెస్‌లూ భుజం ముందుకి చాచడాన్ని కొంత తగ్గించాయని తేలింది. ఆ ప్రయోగంలో భుజానికి అడ్డు రాదని పేరున్న రకమే ఎక్కువ తగ్గించింది. నాకు ఇందులో అర్థమైంది ఏంటంటే, డబ్బా మీద బొమ్మని నమ్మకూడదు. మన పిల్ల మీద వేసి, నడిపించి, పక్క నుంచి చూడాలి. వేయకముందు ఎంత అడుగు వేసేదో వేశాక కూడా అంతే వేస్తోందా? పట్టీ ఎక్కడైనా భుజం ఎముక మీద ఎక్కి దిగుతోందా? ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త, వాక్ అయ్యాక హార్నెస్ తీసేయాలి. రోజంతా ఒంటి మీద ఉంచితే చంకల్లో ఒరుసుకుని జుట్టు ఊడి పుండు పడుతుంది.

కొనేముందు చూడాల్సినవి:

1. కనీసం నాలుగు చోట్ల అడ్జస్ట్ చేసుకునే వీలు ఉండాలి. మెడ దగ్గర రెండు, ఛాతీ దగ్గర రెండు. ఒక్క చోటే అడ్జస్ట్ అయ్యేది పెరిగే పిల్లకి దండగ.

2. ఛాతీ పట్టీ ముందుకాళ్ల వెనకాల, చంక నుంచి కనీసం రెండు వేళ్లు దూరంగా ఉండాలి.

3. లీష్ తగిలించే రింగు అతుకు చూడండి. వెల్డింగ్ చేసిన రింగు అయితే అతుకు కనపడదు. కేవలం వంచి వదిలేసిన రింగు అయితే సందు కనిపిస్తుంది. గట్టిగా లాగితే ఆ సందు తెరుచుకుంటుంది.

4. కుట్లు ఒక్క వరస కాకుండా, చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ మార్కు కుట్టినట్టు ఉంటే గట్టివి.

5. ప్లాస్టిక్ బకిల్ పెట్టి తీసి చూడండి. పెట్టినప్పుడు టక్ అని స్పష్టంగా వినపడాలి. తర్వాత రెండు చివర్లూ పట్టుకుని షాపులోనే ఒక్క గుంజు గుంజండి. మన చేతిలో ఊడిపోయేది రోడ్డు మీదా ఊడిపోతుంది.

వీపు మీద రింగు, ఛాతీ మీద రింగు రెండూ ఉన్నవి దొరుకుతాయి. మామూలుగా వీపు రింగు చాలు. బాగా లాగే పిల్లకి ఛాతీ రింగుకి తగిలిస్తే అది లాగినప్పుడల్లా మెల్లగా మన వైపు తిరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. కానీ ఛాతీ రింగుతో పరిగెత్తించకూడదు, ఒక్కసారిగా పక్కకి తిప్పేస్తుంది.

కొలత తీయడం

దర్జీ టేపు లేకపోతే ఒక దారం, స్కేలు చాలు. పిల్ల నిలబడి ఉండాలి. కూర్చున్నప్పుడు ఛాతీ కొలత మారిపోతుంది. మూడు కొలతలు తీసుకోండి. కాలర్ కోసం మెడ మధ్యలో. హార్నెస్ కోసం మెడ మొదట్లో, అంటే భుజాలు కలిసే చోట. మూడోది ఛాతీ, ముందుకాళ్ల వెనకాల అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట.

ఇప్పుడు సైజు ఎంచుకోవడం. ప్రతి హార్నెస్‌కీ ఒక రేంజ్ రాసి ఉంటుంది. ఉదాహరణకి ఛాతీ 40 నుంచి 55. మీ పిల్ల ఛాతీ 54 అయితే అది వారంలో దాటేస్తుంది. 40 అయితే పట్టీలన్నీ పూర్తిగా బిగించేసి, మిగిలిన కొసలు వేలాడుతూ ఉంటాయి, నమలడానికి పనికొస్తాయి. 43, 44 దగ్గర ఉంటే సరిగ్గా సరిపోయినట్టు. ఇవాళ్టికి పక్కాగా పడుతుంది, కొన్ని వారాలు వదులు చేసుకుంటూ పోవచ్చు.

"ఎలాగూ పెరుగుతుంది కదా, పెద్ద సైజు తీసుకుందాం" అనేది మన ఇళ్లల్లో స్కూల్ యూనిఫాం దగ్గర్నుంచీ ఉన్న లెక్క. యూనిఫాం వదులైతే చేతులు మడుచుకుంటాం. హార్నెస్ వదులైతే కుక్కపిల్ల రోడ్డు మధ్యలో దాంట్లోంచి బయటకి వచ్చేస్తుంది. పెరిగే పిల్లకి మొదటి ఏడాదిలో రెండు, మూడు సార్లు హార్నెస్ మార్చాల్సి వస్తుందని ముందే అనుకోండి. అందుకే మొదటిది మరీ ఖరీదైనది వద్దు. గట్టిగా ఉంటే చాలు. సీనియర్ల ఇంట్లో పాతది ఉంటే అడిగి తీసుకోండి, కుట్లు చూసుకుని వాడుకోవచ్చు.

బిగువుకి గుర్తు రెండు వేళ్లు. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పడుకోబెట్టినట్టు దూరాలి, మూడోది దూరకూడదు. మరీ చిన్న జాతి పిల్లకి ఒక వేలు చాలు. మా బజ్జీ మెడ ఎనిమిది వారాల్లో 7 సెంటీమీటర్లు పెరిగింది. అంటే ఆ రెండు వేళ్ల సందు నెల తిరిగేలోపే మాయమైపోతుంది. అందుకే వారానికి ఒకసారి చూడాలి. మీ ఇంట్లో ఆదివారం ఏం చేసినా చేయకపోయినా, చికెన్ వండే లోపు ఈ పని అయిపోతుంది.

లీష్ ఎంత పొడవు, ఎంత బరువు

ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మామూలు నైలాన్ లేదా కాటన్ పట్టీ లీష్ తీసుకోండి. ఊరంతా ఇంతకంటే మంచిది ఏమీ లేదు. కొక్కెం చిన్నదిగా, తేలిగ్గా ఉండాలి. పెద్ద ఇత్తడి కొక్కెం నడుస్తున్నప్పుడల్లా పిల్ల మూతికి తగులుతూ ఉంటుంది.

ఇనప గొలుసు సంగతి ఒకసారి లెక్కేద్దాం. అర కిలో గొలుసు 3 కిలోల పిల్ల మెడకి కట్టారనుకోండి. అది దాని బరువులో ఆరో వంతు. అరవై కిలోల మనిషి మెడకి పది కిలోలు వేలాడదీసినట్టు. "పళ్లతో కొరికేస్తుంది, అందుకే గొలుసు" అంటారు. నిజమే, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా 28 పాలపళ్లు ఊడి, 42 అసలు పళ్లు వస్తాయి. చిగుళ్లు దురద పుట్టి దొరికిందల్లా కొరుకుతాయి. కానీ అప్పుడు గొలుసు కొరికితే విరిగేది గొలుసు కాదు, పన్ను. కొరకడానికి వేరే బొమ్మ ఇవ్వండి, లీష్‌ని వాక్ కాగానే అందనంత ఎత్తులో తగిలించేయండి.

చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం జంతువుని మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో అసమంజసంగా ఎక్కువ సేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మన క్యాంటీన్‌లో దోశ కూడా రాదు ఆ డబ్బుకి. కానీ నేరం నేరమే.

బటన్ నొక్కితే లోపలికి చుట్టుకుపోయే లీష్‌లు చూడ్డానికి బాగుంటాయి. పెరిగే పిల్లకి అవి వద్దు. ఎందుకో మళ్లీ ఫిజిక్స్. పది కిలోల పిల్ల సెకనుకి 5 మీటర్ల వేగంతో పిల్లి వెనకాల పరిగెత్తింది. దాని గతిశక్తి 125 జౌళ్లు. తాడు అయిపోయింది. పది సెంటీమీటర్లలో ఆగితే దాని మీద పడే సగటు బలం 1250 న్యూటన్లు, అంటే 127 కిలోల బరువు పడినట్టు. అదే అర మీటరులో మెల్లగా ఆగితే 250 న్యూటన్లు. రెండు మీటర్ల లీష్‌తో అంత వేగం అందుకునేలోపే మన చేయి కదిలి ఆపేస్తుంది. ఐదు మీటర్ల తాడులో అది పూర్తి వేగం అందుకున్నాక ఆగుతుంది. ఆ బలం మెడ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ ప్లాస్టిక్ పిడి చేతిలోంచి జారితే పెద్ద చప్పుడుతో పిల్ల వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. అది ఏదో తరుముతోందనుకుని ఇంకా పరిగెడుతుంది.

ఇంకొకటి. లీష్‌ని బండికి కట్టి, లేదా బండి మీద కూర్చుని పట్టుకుని కుక్కని పరిగెత్తించడం మన కాలనీల్లో చూస్తూనే ఉంటాం. పెరిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని భాగాలు ఉంటాయి. చిన్న, మధ్యస్థ కుక్కల్లో అవి దాదాపు ఏడాదికి, పెద్ద జాతుల్లో ఏడాదిన్నరకి గాని పూర్తిగా గట్టిపడవు. బండి వేగం కుక్కపిల్ల నిర్ణయించలేదు, ఆగమని చెప్పలేదు. ఆ పని ఏ బెల్టుతోనూ సురక్షితం కాదు.

వెనక్కి జారిపోతే

కుక్కపిల్లలు తప్పిపోవడంలో ఎక్కువగా కనిపించేది ఈ దృశ్యమే. లారీ హారన్ కొడుతుంది. పిల్ల బెదిరి నాలుగు కాళ్లూ తన్నిపెట్టి ఆగుతుంది. మనం ముందుకి లాగుతాం. అది తల దించి వెనక్కి గుంజుకుంటుంది. బెల్టు చెవుల మీదుగా జారి మన చేతిలో ఉంటుంది, కుక్కపిల్ల రోడ్డు మీద ఉంటుంది.

ఇక్కడ మనం చేయాల్సింది మన చేతులు చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకం. లాగకూడదు. దాని వైపు ఒక అడుగు వేసి లీష్ వదులు చేయాలి. లాగుడు లేకపోతే జారడం ఉండదు. తర్వాత కూర్చుని దగ్గరికి తీసుకోవాలి. ఇంట్లో చిన్నవాళ్లకి, పెద్దవాళ్లకి అందరికీ ఈ ఒక్కటి నేర్పండి.

బెదురు ఎక్కువ ఉన్న పిల్లకి, వీధిలోంచి కొత్తగా వచ్చిన పిల్లకి, హార్నెస్‌నీ కాలర్‌నీ కలిపే చిన్న సేఫ్టీ పట్టీ వాడొచ్చు. ఒకటి ఊడినా రెండోది పట్టుకుంటుంది. మన సర్వర్లకి బ్యాకప్ ఉన్నట్టు. ముధోల్ లాంటి వేట కుక్కలకి తల సన్నం, మెడ లావు. మామూలు బెల్టు వాటికి నిలవదు. వాటికి హార్నెస్‌తో పాటు ఈ రెండో పట్టీ ఉండడం ఇంకా మంచిది.

వేటికి డబ్బులు పెట్టకూడదు

లాగేకొద్దీ బిగుసుకునే చోక్ చైన్, లోపల ముళ్లున్న కాలర్, షాక్ కొట్టే కాలర్. ఇవి నొప్పి మీద పనిచేస్తాయి. నొప్పి పుట్టిన క్షణంలో ఎదురుగా ఏది కనిపిస్తే దానికీ నొప్పికీ కుక్క ముడిపెట్టుకుంటుంది. ఎదురుగా ఉన్నది పక్కింటి బాబు కావచ్చు. "ట్రైనింగ్‌కి ఇవే కరెక్ట్" అని ఎవరన్నా చెప్తే వినేసి వచ్చేయండి. కుక్కపిల్ల లాగకుండా నడవడం నేర్పేది బెల్టు కాదు, మన జేబులోని నాలుగు ఉడికించిన చికెన్ ముక్కలు. లీష్ వదులుగా ఉన్నప్పుడు ఒక ముక్క. బిగుసుకుంటే మనం ఆగిపోవడం. అంతే.

అలవాటు ఇంట్లోనే

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, కొన్ని వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా సాగుతాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి వీధి కుక్కలు తిరిగే చోట ఎప్పుడు దించాలో డాక్టర్‌ని అడగండి. కానీ పిల్ల లోకాన్ని చూసి భయం పోగొట్టుకునే వయసు కూడా ఇదే. కాబట్టి ఈ లోపు చేతుల్లో ఎత్తుకుని బయట తిప్పండి, అప్పుడు కూడా హార్నెస్, లీష్ వేసే ఉంచండి. చేతుల్లోంచి దూకడం కుక్కపిల్లలకి సరదా.

ఇంట్లో మొదటి రోజు హార్నెస్‌ని నేల మీద పెట్టి వాసన చూడనివ్వండి. రెండో రోజు మెడలోంచి పెట్టి తినడానికి ఏదో ఇచ్చి తీసేయండి. మూడో రోజు బకిల్ పెట్టి అయిదు నిమిషాలు. తర్వాత లీష్ తగిలించి హాల్లో అటూ ఇటూ. వారంలో బకిల్ చప్పుడు వినగానే తోక ఊపుతూ వస్తుంది. బలవంతంగా తొడిగితే అదే చప్పుడుకి మంచం కిందకి దూరుతుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఏ బెల్టుతోనూ కట్టేసి పోకండి. బాల్కనీ గ్రిల్‌కి కట్టేసిన పిల్ల గోడ ఎక్కి అవతలికి దూకితే ఏం జరుగుతుందో ఊహించుకోండి చాలు.

ఎండ, వాన, దీపావళి

మన ఎండాకాలంలో లోపల స్పాంజ్ ఉన్న మందపాటి హార్నెస్ స్వెట్టర్ వేసినట్టే. గాలాడే మెష్ రకం గాని, పట్టీలు మాత్రమే ఉన్నది గాని తీసుకోండి. ఇనప బకిళ్లు ఎండలో కాలిపోతాయి. చేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టలేకపోతే ఆ రోడ్డు కుక్కపిల్ల పాదాలకీ పనికిరాదు. పొద్దున్నే గాని, బాగా చీకటి పడి రోడ్డు చల్లబడ్డాక గాని వెళ్లండి. చీకట్లో మెరిసే పట్టీ ఉన్న లీష్ అప్పుడు పనికొస్తుంది.

వానాకాలంలో తోలు బెల్టు బూజు పడుతుంది, తడిసి ఆరితే బిరుసెక్కుతుంది. నైలాన్ త్వరగా ఆరుతుంది. తడి హార్నెస్ ఒంటి మీద ఉంచకండి.

దీపావళి వారం, వినాయక నిమజ్జనం రోజు డీజే బండ్లు తిరిగే సాయంత్రాలు పిల్లని బయటికి తీయకపోవడమే మంచిది. తీయక తప్పకపోతే సేఫ్టీ పట్టీతో, ఇంటి గేటు ముందు వరకే.

నల్లతాడు, క్యాంపస్‌లో కాలర్లు

ఇన్ని పేరాలు రాసింది ఇక్కడికి రావడానికే.

బజ్జీ వచ్చిన రోజే మా నానమ్మ నల్లతాడు పట్టుకొచ్చింది. "ఇంత ముద్దుగా ఉంది, దిష్టి తగులుతుందే" అని. మా పశువుల డాక్టర్ గారు కాదనలేదు. "కట్టండమ్మా. ప్రతి వారం విప్పి మళ్లీ కట్టే ఓపిక ఉంటేనే కట్టండి" అన్నారు. అలా ఎందుకన్నారో కూడా చెప్పారు.

పిల్లప్పుడు కట్టిన తాడుని మర్చిపోతారు. మెడ పెరుగుతుంది, తాడు పెరగదు. బొచ్చు కింద ఉంటుంది కాబట్టి కనపడదు. ముందు బొచ్చు రాలి చుట్టూ గీత పడుతుంది. తర్వాత చర్మం కోసుకుంటుంది. తర్వాత ఆ తాడు మీదుగానే చర్మం మూసుకుపోతుంది. చీము, దుర్వాసన, ఒక్కోసారి పురుగులు. మొహం ఉబ్బుతుంది. మెడ ముట్టుకోనివ్వదు, తిండి మానేస్తుంది. ఇలాంటిది కనిపిస్తే కత్తెర తీసుకుని లాగకండి. మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి. ఇది కోపంతో చేసిన హింస కాదు. ప్రేమగా కట్టి మర్చిపోయిన తాడు.

మా నానమ్మ ఆలోచించి, ఆ నల్లతాడుని లీష్ పిడికి కట్టింది. దిష్టి సంగతి తీరింది, మెడకి ఊపిరి ఆడింది.

ఇక మన సంగతి. హాస్టళ్ల దగ్గర, మెస్ వెనకాల ప్రతి ఏడాదీ కుక్కపిల్లలు పుడతాయి. వాటికి పేర్లు పెడతాం, బిస్కెట్లు పెడతాం. రాత్రిపూట బండ్ల కింద పడకుండా మెరిసే కాలర్లు కడదామని అందరం తలా ఇంత వేసుకుంటాం. ఆలోచన మంచిదే. పూర్తిగా పెరిగిన కుక్కకి, సాగే ఎలాస్టిక్ ఉన్నది కడితే పనికొస్తుంది కూడా. కానీ పిల్లలకి కట్టి, సెమిస్టర్ పరీక్షలు రాసి, సెలవులకి ఇంటికి వెళ్లిపోతాం. నెలన్నర తర్వాత తిరిగి వచ్చేసరికి మూడు నెలల పిల్ల నాలుగున్నర నెలలది అయిపోతుంది. మెడ అయిదారు సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. కాలర్ మనం కట్టిన బొక్క దగ్గరే ఉంటుంది. అప్పటికి అది మనుషులకి దూరంగా పరిగెత్తే వయసుకి వచ్చి ఉంటే పట్టుకుని విప్పడం కూడా కుదరదు.

కాబట్టి నియమం చాలా చిన్నది. ప్రతి వారం పట్టుకుని చూసే మనిషి ఒకరు ఖాయంగా లేకపోతే పెరిగే కుక్కపిల్ల మెడకి ఏమీ కట్టకండి. కాలర్‌కి వేసుకున్న డబ్బులతో రేబిస్ టీకా వేయించండి. సెలవుల్లో క్యాంపస్‌లో ఉండే సెక్యూరిటీ అన్నకో, మెస్ అక్కకో నీళ్ల గిన్నె అప్పజెప్పండి. ఇప్పటికే ఎవరైనా కాలర్ కట్టి ఉంటే, ఈ వ్యాసం మూసేశాక వెళ్లి ఆ పిల్ల మెడ కింద రెండు వేళ్లు పెట్టి చూడండి.

దూరకపోతే ఇవాళే విప్పేయండి. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంటే మాత్రం ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్షలు అయ్యేదాకా ఆగకండి.